ఇప్పుడు బ్రేక్ వేస్తే ఎక్కడ దిగుతాం?

1961 ఏప్రిల్ 12న యూరీ గగారిన్ ఎక్కిన వోస్తోక్ నౌకలో కంప్యూటర్ లేదు. కళ్లెదుట చిన్న ప్యానెల్. దాని మీద కొన్ని మీటర్లు, ఒక గడియారం, అద్దం వెనక మెల్లగా తిరిగే బుల్లి భూగోళం. స్కూల్లో సోషల్ టీచర్ బల్ల మీద ఉండే గ్లోబుకు తమ్ముడిలా ఉంటుంది. ఆ పరికరాన్ని రష్యన్లు పిలిచిన పేరు కూడా అదే: గ్లోబస్. అద్దం మీద అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత ఉంటాయి. ఆ రెండూ కలిసే చోట గోళం మీద ఏ దేశం కనిపిస్తుంటే నౌక ఆ దేశం మీద ఉందని లెక్క.

చూడ్డానికి ఇది మన ఫోన్లలోని జీపీఎస్‌కు తాతలా అనిపిస్తుంది కానీ ఆ చుట్టరికం నిలవదు. జీపీఎస్‌కు ఉపగ్రహాల నుంచి సంకేతాలు అందుతాయి, వాటిని బట్టి అది తన చోటు తెలుసుకుంటుంది. గ్లోబస్‌కు అలాంటి దారి ఒక్కటీ లేదు. దానికి కిటికీ లేదు, యాంటెన్నా లేదు, నక్షత్రాలను చూసే కన్ను లేదు. నౌక ఎటు తిరిగి ఉందో తెలియదు, ఎంత ఎత్తున ఉందో తెలియదు. నౌకను రాకెట్ మీంచి దించి గోదాములో పెట్టినా, కరెంటు అందుతున్నంతసేపు గ్లోబస్ తన మానాన తాను ప్రపంచయాత్ర చేస్తూనే ఉంటుంది. సూటిగా చెప్పాలంటే అదొక గడియారం. గంటలు, నిమిషాల ముళ్లకు బదులు ఖండాలు తిరుగుతాయి.

మరి అలాంటి దాన్ని నమ్ముకుని మనిషిని పైకి ఎందుకు పంపారు? కక్ష్యలో తిరిగే వస్తువుకు ఉన్న ఒక మంచి గుణం వల్ల. రోడ్డు మీద కారు ఎప్పుడు ఆగుతుందో, ఏ సందులోకి తిరుగుతుందో చెప్పలేం. కక్ష్యలోకి చేరిన నౌక అలా కాదు. ఇంజిన్ ఆపేశాక దాని దారి ముందే ఖాయమైపోతుంది. బయల్దేరిన చోటు, కక్ష్య వాలు (భూమధ్యరేఖకు కక్ష్య ఎంత కోణంలో ఏటవాలుగా ఉందో అది), ఒక చుట్టుకు పట్టే టైం తెలిస్తే చాలు, ఫలానా నిమిషానికి ఎక్కడ ఉంటుందో లెక్క కట్టొచ్చు. గ్లోబస్ చేసేది ఆ లెక్కే, పళ్ల చక్రాలతో.

వోస్తోక్ ప్యానెల్‌ను తయారుచేసింది మాస్కో దగ్గర జుకోవ్‌స్కీ పట్టణంలోని విమాన పరిశోధన సంస్థలో సెర్గేయ్ దరేవ్‌స్కీ నడిపిన బృందం. వ్యోమగాములు నేల మీద శిక్షణ పొందిన సిమ్యులేటర్ కూడా వాళ్ల పనే. విమానాల కాక్‌పిట్‌లు చూసి చూసి అలవాటుపడిన చేతులు కాబట్టి పైలట్‌కు ఏది కంటికి ఎదురుగా ఉండాలో వాళ్లకు బాగా తెలుసు. వాళ్లు పెట్టిన ఏర్పాటులో మూడు వస్తువులు కలిసి పనిచేస్తాయి. నౌక ఎటు తిరిగి ఉందో చెప్పేది పాదాల వైపు కిటికీలో బిగించిన ‘వ్జోర్’ అనే అద్దాల పరికరం. చుట్టూ ఉన్న గళ్లలో భూమి అంచు అన్ని వైపులా సమానంగా కనిపించి, మధ్యలోని అద్దం మీద నేల బాణపు గీతల వెంట జారుతుంటే నౌక సరైన దిశలో ఉన్నట్టు. టైం చెప్పేది గడియారం. చోటు చెప్పేది గ్లోబస్. మూడింటిలో రెండు నిజంగా కొలుస్తాయి, గ్లోబస్ మాత్రం లెక్కగట్టి చెబుతుంది.

ఆ లెక్కలో రెండు తిరుగుళ్లు ఉన్నాయి. నౌక భూమి చుట్టూ సుమారు తొంభై నిమిషాలకు ఒకసారి తిరుగుతుంది. అదే సమయంలో కింద భూమి తన చుట్టూ తాను పడమర నుంచి తూర్పుకు తిరుగుతోంది, నిమిషానికి పావు డిగ్రీ. నౌక ఒక చుట్టు పూర్తిచేసేసరికి భూమి దాదాపు 22.5 డిగ్రీలు జరిగిపోతుంది. భూమధ్యరేఖ దగ్గర అది సుమారు 2,500 కి.మీ. అందుకే నౌక మొదటి చుట్టులో దాటిన ఊరి మీదకు రెండో చుట్టులో రాదు, అంత దూరం పడమరగా వెళ్తుంది.

ఒక బత్తాయి పండు తీసుకుని దానికి ఏటవాలుగా గాజు తొడిగినట్టు ఊహించుకుంటే ఇది సులువుగా అర్థమవుతుంది. గాజు నౌక దారి. దాని వాలు మారదు. లోపల పండు మాత్రం తొడిమ చుట్టూ నెమ్మదిగా తిరుగుతూ ఉంటుంది. గ్లోబస్‌లో దీన్నే తిరగేశారు. నౌకకు గుర్తుగా ఉన్న అద్దం మీది గీతలు కదలవు కాబట్టి రెండు తిరుగుళ్లనూ గోళమే మోయాలి. అంటే గోళం ఒకేసారి రెండు ఇరుసుల మీద తిరగాలి. ఒకటి కక్ష్య ఇరుసు, రెండోది ధ్రువాల ఇరుసు. రెంటి మధ్య కోణం కక్ష్య వాలుతో సమానం. వోస్తోక్‌కు దాదాపు 65 డిగ్రీలు, తర్వాత వచ్చిన సోవియట్ నౌక సోయుజ్‌కు 51.8 డిగ్రీలు.

ఒక గోళాన్ని రెండు ఇరుసుల మీద తిప్పడం చెప్పినంత తేలిక కాదు. ఒక ఇరుసు పట్టు రెండోదానికి అడ్డం వస్తుంది. సోయుజ్ గ్లోబస్‌ను దగ్గర్నుంచి చూస్తే వాళ్లు పట్టిన కిటుకు కనిపిస్తుంది. గోళం ఒకే ముద్ద కాదు. భూమధ్యరేఖ వెంట ఒక లోహపు పట్టీ, దానికి పైన ఉత్తరార్ధం, కింద దక్షిణార్ధం. కక్ష్య ఇరుసు ఆ పట్టీని పట్టుకుని మొత్తాన్ని తిప్పుతుంది. పట్టీకి రెండు వైపులా ఉన్న రెండు చిప్పలూ ఒకదానితో ఒకటి కలిసి ధ్రువాల ఇరుసు మీద విడిగా తిరుగుతాయి. ఆఫ్రికా పటం మధ్యలో ఒక గీత పడి, దానికి పైనా కిందా ఖండం జరుగుతుంటే పట్టీ మాత్రం ఆ జరుగుడులో కలవదు. పటం గీసినవాళ్లకు నచ్చని రాజీ అయి ఉండొచ్చు, యంత్రం చేసేవాళ్లకు మాత్రం ఇది పండగే.

ఇక గోళాన్ని తిప్పేది ఎవరు? నౌకలోని టైమర్ నుంచి సెకనుకు ఒక కరెంటు పల్స్ వస్తుంది. పల్స్ రాగానే లోపల సోలినాయిడ్ అనే విద్యుదయస్కాంతం టక్కుమని లాగుతుంది. దానికి తగిలించిన కొక్కెం పళ్ల చక్రాన్ని ఒక మెట్టు ముందుకు జరుపుతుంది. సైకిల్ తొక్కడం ఆపినప్పుడు ఫ్రీవీల్‌లో టిక్ టిక్‌మని వినిపించే పళ్లు, కొక్కెం లాంటి ఏర్పాటే. ముందుకు జరిగింది వెనక్కు రాదు. ఈ అడుగులన్నీ వరుస గేర్ల గుండా వెళ్లి, గోళం దగ్గరకు వచ్చేసరికి కంటికి తెలియనంత మెల్లని తిరుగుడు అవుతాయి.

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ప్రతి నౌకా సరిగ్గా ఒకే టైంలో చుట్టు పూర్తి చేయదు. ఎత్తు పెరిగితే చుట్టుకు పట్టే టైం పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. రాకెట్ నౌకను ఏ ఎత్తున వదిలిందో పైకి వెళ్లాక గానీ తేలదు. కాబట్టి గోళం వేగాన్ని వ్యోమగామి మార్చుకునేలా ఉండాలి. సోయుజ్ గ్లోబస్‌లో నాబ్ తిప్పి చుట్టు టైంను సుమారు 87 నిమిషాల నుంచి 97 నిమిషాల దాకా మార్చుకునే వీలుంది. లోపల సోలినాయిడ్ వేగమేమీ మారదు, సెకనుకు ఒక పల్స్ అలాగే వస్తుంటుంది. మారేది కూడిక. ఒక స్థిరమైన తిరుగుడు తీసుకుని, నాబ్ పెట్టిన చోటును బట్టి దానికి మరికొంత తిరుగుడు కలుపుతారు.

కలపడం అంటే డిఫరెన్షియల్ గేర్. లారీ వెనక ఇరుసు మధ్యలో గుండ్రంగా ఉబ్బినట్టు కనిపించే డబ్బాలో ఉండేదే. లారీలో ఒక షాఫ్టు తిరుగుడును రెండు చక్రాలకు పంచుతుంది. అదే గేర్‌ను తిరగేసి వాడితే రెండు షాఫ్టుల తిరుగుళ్లను కూడి మూడోదానికి ఇస్తుంది. గ్లోబస్‌లో ఇలాంటివి పది దాకా ఉన్నాయి. ప్రతి ఒక్కటీ ఒక కూడిక లేదా ఒక తీసివేత. ఎలక్ట్రానిక్ సర్క్యూట్‌లో చిప్పులు చేసే పనిని ఇక్కడ ఇత్తడి పళ్లు చేస్తాయి.

గోళం పక్కన అక్షాంశం, రేఖాంశం అంకెల్లో చూపే చిన్న చక్రాలు కూడా సోయుజ్ రకంలో ఉన్నాయి. ఈ అంకెలే పరికరంలో అన్నిటికన్నా ఆసక్తికరమైన భాగం. గోళం మీద చోటు చూపడానికి త్రికోణమితి అక్కర్లేదు. భూమి గుండ్రంగా ఉంది, గోళమూ గుండ్రంగా ఉంది కాబట్టి రెండు ఇరుసుల మీద తిప్పితే సరైన చోటు దానంతటదే గీతల కిందకు వస్తుంది. లెక్క ఆ ఆకారంలోనే ఉంది. కానీ ‘ఉత్తరం 34 డిగ్రీలు’ అని అంకెలో చెప్పాలంటే అసలు లెక్క చేయక తప్పదు. నౌక కక్ష్యలో ఎంత కోణం తిరిగిందో దాని సైన్‌ను, కక్ష్య వాలు సైన్‌తో గుణిస్తే అక్షాంశపు సైన్ వస్తుంది. రేఖాంశం ఇంకా మెలిక, ఎందుకంటే నౌక భూమధ్యరేఖ దాటేటప్పుడు ఒక వేగంతో, ఉత్తరపు కొసన మలుపు తిరిగేటప్పుడు మరో వేగంతో రేఖాంశాలు దాటుతుంది.

సైన్ బటన్ లేని రోజుల్లో దీన్ని ఎలా చేశారు? క్యామ్‌లతో. ఎంబ్రాయిడరీ వేసే కుట్టుమిషన్‌లో ఒక్కో డిజైన్‌కు ఒక్కో బిళ్ల మారుస్తారు. బిళ్ల అంచు ఎత్తుపల్లాల వెంట ఒక పుల్ల కదులుతూ సూదిని అటూ ఇటూ నడుపుతుంది. గ్లోబస్‌లో క్యామ్ అంచు ఎత్తుపల్లాలే ఆ సూత్రం. ఎవరో కాగితం మీద సైన్ పట్టిక చూసుకుని, బిందువు బిందువుగా లెక్కగట్టి, ఆ వంపును లోహంలో చెక్కారు. ఆ తర్వాత అది ఎప్పుడూ మారదు. కక్ష్య వాలు 51.8 డిగ్రీలు అని లోహంలో రాసేసినట్టే. నౌకను వేరే వాలున్న కక్ష్యలోకి పంపాలంటే క్యామ్‌లు మార్చాలి, గోళం ఇరుసూ మార్చాలి. ఈ కాలపు మాటలో చెప్పాలంటే ప్రోగ్రామ్ మార్చడానికి లేత్ మిషన్ కావాలి.

ఈ మొండితనం చూసి నవ్వుకునే ముందు ఆ రోజుల్లో ఇంకో దారి ఏముందో చూడాలి. అమెరికన్లు మనుషులు ఎక్కిన నౌకలో మొదటిసారి డిజిటల్ కంప్యూటర్ పెట్టింది 1965లో, జెమిని నౌకలో. దాని బరువు దాదాపు 27 కిలోలు, జ్ఞాపకశక్తి 4,096 పదాలు. 1960లో సోవియట్ ఇంజినీర్ల చేతిలో నౌకలో పట్టే, కంపనానికి చెడని, తక్కువ కరెంటు తాగే కంప్యూటర్ లేదు. పళ్ల చక్రాలతో లెక్కలు చేయడం మాత్రం ఓడల ఫిరంగుల నుంచి బాంబర్ విమానాల దాకా కొన్ని దశాబ్దాలుగా ఆరితేరిన విద్య.

గ్లోబస్ చెప్పేది ఎంత నిజం? ఇక్కడ కాస్త గట్టిగానే మాట్లాడుకోవాలి. పరికరం నౌక వేగం చుట్టంతా ఒకేలా ఉంటుందని అనుకుంటుంది, అంటే కక్ష్య వృత్తం అని. గగారిన్ కక్ష్య వృత్తం కాదు. భూమికి దగ్గరగా ఉన్నప్పుడు సుమారు 180 కి.మీ., దూరంగా ఉన్నప్పుడు 327 కి.మీ. దగ్గరలో వేగంగా, దూరంలో నిదానంగా పోయింది. ఈ తేడా వల్ల ఒక్కో చోట డిగ్రీకి పైగా ముందో వెనకో చూపుతుంది, అంటే నూరు కి.మీ. పైచిలుకు తప్పు. చుట్టు టైం సరిగా పెట్టకపోతే ఇంకో చిక్కు. నిమిషంలో పదో వంతు తేడా అంటే 6 సెకన్లు. నౌక సెకనుకు దాదాపు 7.8 కి.మీ. పోతుంది కాబట్టి ఒక చుట్టుకు 47 కి.మీ. పది చుట్లకు 470. గోడ గడియారం లాగే దీన్ని అప్పుడప్పుడూ సరిదిద్దుకోవాల్సిందే. నేల మీది రాడార్లు, రేడియో స్టేషన్లు నౌకను నిజంగా కొలుస్తాయి. ఆ అంకెలు రేడియోలో చదివి వినిపిస్తే వ్యోమగామి నాబ్‌లు తిప్పి గోళాన్ని సరిచేస్తాడు. అంటే గ్లోబస్ తెలివి నేల మీద ఉంది. రెండు కబుర్ల మధ్య ఖాళీని నింపడమే దాని పని.

అయితే వ్యోమగామికి ‘ఎక్కడ ఉన్నాను’ అన్నది అంత పెద్ద ప్రశ్న కాదు. పసిఫిక్ మహాసముద్రం మీద ఉన్నానని తెలిసి చేసేదేముంది? ప్రాణం మీదకు వచ్చినప్పుడు అడగాల్సింది ఇంకోటి: ఇప్పుడు నౌక వేగం తగ్గించి కిందకు దించే బ్రేక్ ఇంజిన్ మండిస్తే ఎక్కడ దిగుతాను? ఈ రెండు చోట్లకూ చాలా దూరం. గగారిన్ నౌక ఇంజిన్ మండింది ఆఫ్రికా పశ్చిమ తీరం దగ్గర, ఆయన నేలకు దిగింది వోల్గా నది పక్కన సరతోవ్ ప్రాంతంలో. ఇంజిన్ మండించిన చోటుకూ దిగాల్సిన చోటుకూ మధ్య దూరం సుమారు 8,000 కి.మీ. భూగోళం చుట్టుకొలతలో అది 72 డిగ్రీలు.

గ్లోబస్ గొప్పతనం ఇక్కడుంది. ప్యానెల్ మీద ఒక స్విచ్. ఒక వైపు ‘భూమి’, ఇంకో వైపు ‘దిగే చోటు’. రెండో వైపుకు నొక్కితే ఒక చిన్న మోటారు గోళాన్ని కక్ష్య వెంట ముందుకు గబగబా తిప్పుతుంది, ముందే నాబ్‌తో పెట్టుకున్న కోణం దాకా. అక్కడ ఆగుతుంది. ఇప్పుడు గీతల కింద కనిపించేది నౌక ఉన్న చోటు కాదు, ఈ క్షణాన ఇంజిన్ మండిస్తే దిగే చోటు. స్విచ్ వెనక్కు వేస్తే గోళం మళ్లీ మామూలు చోటుకు వస్తుంది. లోపల జరిగేది ఒక కోణాన్ని కలపడం, తీసేయడం, అంతే. కానీ కింద నీళ్లా, కొండలా, స్నేహితుల దేశమా, శత్రువుల దేశమా అన్నది రేడియోలో ఎవరినీ అడక్కుండా ఒక్క చూపులో తెలుస్తుంది. 1961లో సోవియట్ నౌక భూమి మీద చాలా భాగంలో తన స్టేషన్లకు అందకుండా తిరిగేదని గుర్తుంచుకుంటే ఆ ఒక్క చూపు విలువ అర్థమవుతుంది. ఆ చూపుకు నూరు కి.మీ. తప్పు పెద్ద లెక్కలోకి రాదు. సముద్రమా నేలా అన్నదే ప్రశ్న అయినప్పుడు దశాంశాలు ఎవరికి కావాలి?

అలాంటి అవసరం నిజంగానే వచ్చింది. 1965 మార్చిలో వోస్తోక్ తర్వాతి రకం నౌక వోస్ఖోద్-2 నుంచి అలెక్సేయ్ లియొనోవ్ అంతరిక్షంలోకి బయటకు వచ్చి, నానా తంటాలు పడి లోపలికి వెళ్లాడు. టెన్షన్ అక్కడితో తీరలేదు. మర్నాడు దిగాల్సిన సమయానికి నౌకను ఆటోమేటిక్‌గా దిశకు తిప్పే వ్యవస్థ పనిచేయలేదు. ఆ చుట్టు దాటిపోయింది. కమాండర్ పావెల్ బెల్యాయేవ్ చేత్తోనే దించాలి. మనిషి చేత్తో నౌకను దించడం సోవియట్ వాళ్లకు అదే మొదటిసారి. ఆ నౌకలో సీట్లు పక్కకు తిప్పి బిగించారు, అందువల్ల సీట్లో కూర్చుంటే వ్జోర్ సరిగా కనపడదు. బెల్యాయేవ్ సీట్ల మీద అడ్డంగా పడుకుని, వ్జోర్‌లో చూస్తూ నౌకను సర్దాడు. మళ్లీ ఇద్దరూ తమ సీట్లలోకి వచ్చి కూర్చోవడానికి 46 సెకన్లు ఆలస్యమైంది. నౌక తూకం కుదరాలంటే ఇంజిన్ మండే ముందు వాళ్లు సీట్లలో ఉండాలి.

46 సెకన్లను 7.8తో గుణిస్తే 359 కి.మీ. నౌక అనుకున్న చోటుకు 386 కి.మీ. దూరంగా, పెర్మ్ ప్రాంతపు అడవిలో, మంచులో దిగింది. ఇద్దరూ రెండు రాత్రులు అక్కడే గడిపారు. చోటు, దిశ, టైం అనే మూడింట్లో వాళ్లకు మొదటి రెండూ కుదిరాయి. మూడోది సీట్ల అమరిక మింగేసింది. ఆ ప్రయాణం గురించి చెప్పేటప్పుడు యంత్రం చెడిన కథగా చెబుతుంటారు గానీ, ఒక పరికరాన్ని చూసే చోటు ఇంకో పరికరాన్ని వాడే చోటుకు దూరమైతే ఏమవుతుందో చెప్పే కథ కూడా అదే.

అమెరికన్లూ ఇలాంటి భూగోళాన్ని వాడి చూశారు. 1962 ఫిబ్రవరి 20న జాన్ గ్లెన్ వెళ్లిన మెర్క్యురీ నౌకలో కీ ఇచ్చి తిప్పే గడియారం లాంటి చిన్న గ్లోబు ఉండేది. తర్వాతి ప్రయాణాలకు దాన్ని తీసేశారు. వాళ్లకు ప్రపంచమంతా పరిచిన స్టేషన్లు, సముద్రాల్లో ఓడలు ఉన్నాయి, ఎక్కడున్నా కాసేపటికి ఎవరో ఒకరు రేడియోలో పలుకుతారు. నౌకలో ఆ బరువు దండగ అనిపించింది. 1963 మేలో గోర్డన్ కూపర్ చివరి మెర్క్యురీ ప్రయాణంలో కరెంటు వ్యవస్థ చెడి, ఆటోమేటిక్ సాయం లేకుండా దిగాల్సి వచ్చినప్పుడు చేతి గడియారాన్ని, కిటికీలోంచి కనిపించే భూమి అంచును నమ్ముకున్నాడు. ఒక ఓడ మీద ఉన్న గ్లెన్ రేడియోలో అంకెలు లెక్కపెట్టాడు. కూపర్ తనను ఎక్కించుకోవాల్సిన యుద్ధనౌకకు సుమారు 7 కి.మీ. దూరంలో దిగాడు. స్టేషన్లు ఎక్కువున్న దేశానికి గ్లోబు అక్కర్లేకపోయింది, తక్కువున్న దేశం దాన్ని నలభై ఏళ్లు వదల్లేదు.

సోయుజ్‌లోకి వచ్చేసరికి గ్లోబస్‌కు చుట్లు లెక్కపెట్టే అంకెలు, నౌక వెలుగులో ఉందో నీడలో ఉందో చెప్పే సూచిక లాంటివి చేరాయి. మూలం మారలేదు. హైదరాబాద్‌లో చదువుకున్న రాకేశ్ శర్మ 1984 ఏప్రిల్‌లో సోయుజ్ టి-11 ఎక్కేనాటికి ఆ నౌకల్లోకి డిజిటల్ కంప్యూటర్ వచ్చేసింది, అయినా గోళం తన చోట తాను ఉంది. కంప్యూటర్ నౌకను నడిపింది, గోళం మనిషికి చూపింది. పనులు వేరు కాబట్టి గొడవ లేదు. పైగా కంప్యూటర్ మొరాయిస్తే సెకనుకు ఒక పల్స్ అందినంతకాలం గోళం ఆగదు.

2002 అక్టోబర్‌లో బయల్దేరిన సోయుజ్ టీఎంఏ-1తో ప్యానెల్ మారిపోయింది. గోళం పోయి, కంప్యూటర్ తెర మీద ప్రపంచపటం వచ్చింది. ఆ కొత్త నౌకలో పైకి వెళ్లిన ముగ్గురు దాన్ని అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికే వదిలి, అప్పటికే అక్కడున్న పాత రకం సోయుజ్ టీఎం-34లో నవంబర్‌లో కిందకు వచ్చారు. తెర చూస్తూ ఎక్కి, గోళం చూస్తూ దిగారన్నమాట. టీఎంఏ-1 మరుసటి ఏడాది మేలో వేరే ముగ్గురితో తిరిగొచ్చింది. దిగేటప్పుడు నియంత్రణ వ్యవస్థలో లోపం వచ్చి, నౌక నిటారు దారి పట్టి, అనుకున్న చోటుకు 400 కి.మీ.కు పైగా ఇవతలే కజకిస్థాన్ మైదానంలో దిగింది. తప్పు తెరది కాదు, అక్కడ గోళం ఉన్నా చూపేది ఉండేది కాదు. ఇంజిన్ మండాక దారి తప్పితే ఎక్కడ దిగుతామన్న లెక్క ఆ గోళంలో ఎన్నడూ లేదు.